ఎర్ర వైరు, తెల్ల వైరు

సిరిసిల్లలో ప్రణయ్ ఇంటి ముందుగది, మధ్యాహ్నం. టీపాయి మీద ప్రణయ్ పెళ్లినాటి పాత వీడియో క్యాసెట్. ప్రణయ్ చేతిలో ఫోను, అందులో క్యాసెట్‌ను కంప్యూటర్లోకి ఎక్కించే మిషన్లు, వాటి ధరలు. ఎదురుగా అతని అక్క వనజ.

“గా ఆరువందలదొద్దక్కా. గది కొంటే పైసలు మోర్ల వడ్డట్టే.”

“మరి రెండువేలది?”

“గది గూడ అంతే. మీద డబ్బ మారుతది, లోపటిది ఒక్కటే.”

“పోయిన ఐతారం రెండువేలది మంచిదే అంటివి గద.”

“అప్పుడు కింద రాసింది సద్వలే. కొన్నోళ్లందరు తిడ్తుండ్రు. బొమ్మ నల్లగ వస్తదట, నడుమల గీతలు వస్తయట.”

“బొమ్మ ఎట్లన్న రానియ్. సౌండు సంగతేమన్నరు?”

“సౌండు… గది గూడ అంతంతేనట.”

“అంతంతే అంటే? ఏం రాసిండ్రో సద్వి ఇనిపియ్యి.”

“ఇంగ్లీషుల ఉన్నదక్కా.”

“నీకు ఇంగ్లీషు, కంప్యూటరు రావాల్ననే గద నేను నూలు కండెలు సుట్టి సుట్టి కోర్సుకు తోలింది. సద్వు. జర గీ పక్కకు రా, కుడిచెవు దిక్కు. ఎడమది పనిజేస్తలేదని ఎన్నిసార్లు చెప్పాలె నీకు?”

“‘సౌండు ఎన్కవడ్తది’ అని ఒకలు రాసిండ్రు. మనిషి నోరు ముందుగాల కదుల్తదట, మాట తర్వాత వస్తదట.”

“రానియ్. ముందో ఎన్కో, వస్తది గద?”

“‘గుయ్యి మని సప్పుడు వస్తది’ అని ఇంకొకలు.”

“ముప్పయేండ్ల సంది బట్ట నేసే సాంచల నడుమ కూసొని కండెలు సుడ్తున్న. సాంచల సప్పుడుల మాట ఇనుడు నాకు నువ్వు నేర్పుతవా?”

“నేనేమన్న ఇప్పుడు? వాళ్లు రాసింది చెప్పిన. ఊకె కోపానికి రాకు.”

“కోపం ఎందుకు? ఆరువేలదున్నది గద, గది సూడు మరి.”

“ఆరువేలు! నెలకు నీకెంతొస్తదక్కా?”

“నాకెంతొస్తదో నేన్జూస్కుంట. నిన్ను రూపాయి అడిగిన్నా? ఏది కొనాల్నో చెప్పుమన్న, అంతే. నీకు జిరాక్స్ సెంటరున్నది, కంప్యూటరున్నది, దినమంత అండ్లనే ఉంటవ్. నాలుగు వారాల సంది అడుగుతున్న. గిది వద్దు, గది వద్దు. ఏది కావాల్నో ఒక్కపారి నీ నోట్లకెల్లి రాలే.”

“కొన్నంక పనిజెయ్యకుంటె నన్నే అంటవని…”

“అన. కాయిదం రాసియ్యాల్నా?”

“గది కాదక్కా. గిదొక్కటి కొంటే అయితదా? క్యాసెట్ ఆడాలంటే వీసీఆర్ ఉండాలె. గీ రోజులల్ల వీసీఆర్ ఎవలింట్ల ఉన్నది చెప్పు?”

“కరీంనగర్ల కుమార్ దగ్గర ఉన్నది.”

“ఏ కుమార్?”

“టీవీలు బాగుజేసేటాయన. బస్సెక్కి వొయ్యి సూసొచ్చిన. మంచిగ ఆడుతుంది. ఐతారం దాక ఆపుత, అటెన్క అమ్మేస్త అన్నడు. ఎన్కకు మూడు వైర్లు పెట్టే జాగలున్నయి. పసుపు వైరు బొమ్మకు, ఎరుపు, తెలుపు మాటకు అని ఆయన్నే సూపెట్టిండు. నాకు ఆ ఎర్ర వైరు, తెల్ల వైరు సాలు. పసుపుది పెట్టకున్నా సరే.”

“నువ్వొక్కదానివే కరీంనగర్ పోయొచ్చినవా?”

“నువ్వు రమ్మంటె వచ్చెటోనివా?”

“సెంటర్ ఇడిసిపెట్టి ఎట్ల వస్త…”

“అందుకే పిల్వలే.”

“మరి అక్కడనే ఏసి సూడకపోతివి? ఉన్నదో లేదో తెలుస్తుండె గద.”

“కుమార్ ఏస్త అన్నడు. నేనే వద్దన్న. ఇన్నేండ్లు ముట్టనిది, ఒక్కపారి ఆడి రీలు తెగిందనుకో? తెగేదుంటె ఆ ఒక్కపారి ఆడంగనే పట్టుకోవాలె, మిషన్ల పడాలె. అందుకే మిషన్ కొనకుంట ఏసేది లేదన్న.”

“బూజు వట్టి ఉంటదక్కా. గిన్నేండ్లు బీరువల ఉన్నది.”

“కుమార్ మూత లేపి సూసిండు. రీలు మిలమిల మెరుస్తుంది. బూజు లేదు, ఏం లేదు.”

“నా కంప్యూటర్ గూడ పాతది. దాంట్ల పడ్తదో లేదో…”

“మొన్ననే కొత్తది తెచ్చినవ్ గద? దానికి పసుపు, కుంకుమ వెడ్తె సూసిన.”

“గది సెంటర్ల పనికి. దాంట్ల గీ ఉత్త సామాన్లు ఎక్కియ్యరాదు.”

“ఉత్త సామానా?”

“నోరు జారిన. గట్ల కాదు నేననేది.”

“నువ్వనేది నాకు సమజైంది. ప్రణయ్, నేను పెద్ద సదువు సదువలే. గని మనిషి తప్పిచ్చుకుంటుంటె తెలుస్తది.”

“నేనేం తప్పిచ్చుకుంటున్న? నీ బాగుకే చెప్తున్న. ఆరువేలు వెట్టి కొంటవ్. బొమ్మలు రావు, ఏం రావు. తర్వాత ఏడుస్తవ్.”

“బొమ్మలు రాకుంటె నేనెందుకేడుస్త? ఆ బొమ్మలల్ల నేనున్ననా? నా బిడ్డ ఉన్నదా? అది కెమెర ఎన్కనే తిరిగిందట.”

“మరి బొమ్మ లేని మాటను ఏం జేస్కుంటవక్కా?”

“తెల్వనట్టు అడుగుతున్నవ్.”

“తెల్సు గని—”

“తెల్సు గద. నా రోజ మాట ఇంకెక్కడ మిగిలింది చెప్పు? పాత రేషన్ కార్డు మీద ఒక్క ఫోటో ఉన్నది. గది గూడ మీ బావ భుజం ఎన్క సగం ముఖం. మాటైతే గీ క్యాసెట్ల తప్ప గీ దునియల ఏడ లేదు. ఆరేండ్లు నిండంగనే జ్వరమొచ్చి పాయె. ఇర్వై రెండేండ్లాయె. మొన్న కండెలు సుట్టుకుంట, అది నన్ను ‘అవ్వా’ అని పిలుస్తె ఎట్లుంటుండెనో యాది జేస్కుందామని సూసిన. ముఖం వచ్చింది. మాట రాలే. ఎంత గుంజుకున్నా రాలే. గంత భయం నాకు మీ బావ పోయిన్నాడు గూడ కాలే.”

“ఊకో అక్కా…”

“ఊకునుడు కాదు. చెవుల డాక్టర్ ఏం జెప్పిండో యాది మర్సినవా? కుడిచెవు గూడ ఎక్కువల ఎక్కువ రెండేండ్లట. తర్వాత చెవుల మిషన్ వెట్టుకోవాల్నట. సప్పుడైతే ఇనవడ్తదట గని, ఎవల గొంతు ఏదో పోల్చుకునుడు కష్టమట. చెవున్నప్పుడే ఇనాలె నేను. చెవు పోయినంక ఎంత మంచిది కొని ఏం ఫాయిద?”

“ఒక పనిజేద్దాం. క్యాసెట్ నాకియ్యి. హైదరాబాద్‌ల గిట్లాంటియి చేసేటోళ్లున్నరు. నేను పంపిస్త. మిషన్ కొనుడు గూడ తప్పుతది.”

“ఇయ్య.”

“ఎందుకు?”

“నీ ఇంట్ల ఇర్వై రెండేండ్లున్నది. మొన్న సున్నాలేసినప్పుడు పాత ఇనుప సామాన్లోని సంచిల తేలింది. నేను సూడవట్టి గుంజుకున్న. లేకుంటె గీపాటికి ఏ తుక్కుల కల్సిపోయేదో.”

“నా భార్యకు తెల్వక ఏసింది.”

“ఆమె లగ్గం క్యాసెట్ ఆమెకు తెల్వదా? ఆమెను గూడ అడిగిన. ‘దీంట్ల రోజ మాటలు ఎక్కడున్నయి, ముందా, ఎన్కనా?’ అని. ‘మీ తమ్మున్నే అడుగు వదినె’ అని లోపటికి పోయింది.”

“ఆమెకేం యాదికుంటది?”

“యాదికుండే తీరు సూసిండ్రు గద మీరు? లగ్గమైనంక మంథనిల మీ అత్తగారింట్ల వీసీఆర్ కిరాయికి దెచ్చి ఏసిండ్రు. వాడకట్టంత సూసిండ్రట. నన్ను పిల్వలే. తర్వాత ఇక్కడ ఏద్దాం, ఇక్కడ ఏద్దాం అన్నరు. గా లోపల రోజ పాయె. అటెన్క నాకే ధైర్యం రాలే.”

“సూడనే లేదు నువ్వు. మరి దీంట్ల రోజ మాటలున్నయని నీకెట్ల తెల్సు?”

“ఎన్నిసార్లు చెప్పాలె? రాంచందర్ చెప్పిండు. గా లగ్గం తీసిన కెమెరాయన.”

“ఎప్పుడో ఏదో అని ఉంటడు…”

“ఏదో కాదు. పుస్తె గట్టే యాల్లకు మన అవ్వ నన్ను సామాను రూముల కూసోవెట్టింది యాదికున్నదా? బావ పోయి ఎనిమిది నెల్లే. ముండమోసినదాన్ని, ఎదురు రావొద్దు గద. అవ్వ నన్ను రూముల వెట్టి తలుపు దగ్గరకేసింది. రోజ ఉండలే. నా చెయ్యి ఇడిపిచ్చుకొని పందిట్లకు ఉరికింది. తర్వాత అన్నాలకాడ రాంచందర్ నా పక్కపొంటి వొయ్యుకుంట ఏమన్నడు? ‘చెల్లె, నీ బిడ్డ మాటలన్ని నా కెమెరల వడ్డయి. మైకుకాడ నిలవడి ఒక్కతీరుగ మాట్లాడింది’ అన్నడు. నవ్విండు గూడ. గా ఒక్క మాట వట్టుకొని బతుకుతున్న నేను. అదేం మాట్లాడిందో నాకు తెల్వదు. ఏం మాట్లాడితేంది, దాని గొంతే గద.”

“ఐదేండ్ల పిల్ల. ఏమో మాట్లాడి ఉంటది.”

“గా ఏమోనే కావాలె నాకు.”

“సరే. ఆలోచించి రేపు చెప్త.”

“రేపంటె ఐతారం లోపట రాదు. ఇవ్వాళ్లనే ఆర్డర్ వెట్టాలె. ఇగో నా ఫోను. పక్కింటి పిల్లతోని అన్ని ఎక్కిపిచ్చుకున్న, అడ్రసు గూడ వెట్టింది. ఆరువేలదే. నువ్వు సూసి, సరే అను. నేను నొక్కుత.”

“జర ఆగక్కా.”

“ఎందుకాగాలె?”

“తొందరవడి కొనకు. ఎవలన్న తెల్సినోళ్లను అడిగి—”

“మంచిగ చెప్పినవ్. తెల్సినోళ్లనే అడుగుదాం. రాంచందర్‌కు ఫోన్ జేస్త.”

“ఆయనకెందుకు? ఆయన ఉన్నడో పోయిండో!”

“ఉన్నడు. మంథనిలనే ఉన్నడు.”

“నంబర్ ఎక్కడిది?”

“మీ ఆమె ఇచ్చింది.”

“ఆమె ఇచ్చిందా? ఎప్పుడు?”

“పొద్దుగాల. నువ్వు తానం జేస్తుంటె. చీటి మీద రాసి నా చేతుల వెట్టింది.”

“అక్కా, వద్దు. పెద్దమనిషిని పరేషాన్ జేసుడెందుకు? నేనే అడిగి తెల్సుకుంట—”

“ఫోను మోగుతుంది. గా స్పీకర్ పెట్టు, నాకు ఇనవడదు.”

“అక్కా…”

“పెట్టు.”

“హలో? ఎవలు?”

“రాంచందరన్నా, నేను వనజను. సిరిసిల్ల. మంథనిల మా తమ్ముడు ప్రణయ్ లగ్గం నువ్వే తీసినవ్, యాదికున్నదా?”

“ప్రణయ్… ఓ, గా కంప్యూటర్ పిలగాడా! ఎందుకు యాదికి లేదు? నువ్వు ఆయన అక్కవు గద? మంచిగున్నవా చెల్లె?”

“మంచిగున్నన్నా. ఒక ముచ్చట అడగాలె. గా క్యాసెట్‌ను కంప్యూటర్ల ఎక్కియ్యాల్ననుకుంటున్న. దానికి మిషన్ ఏది కొనాలె? ఆరువందలది, రెండువేలది, ఆరువేలది ఉన్నయి.”

“ఆరువేలది ఎందుకు చెల్లె, పైసలు ఎక్కువైనయా? రెండువేలది బరాబర్ సరిపోతది. వీసీఆర్ హెడ్డు సాఫ్ జేయించు, వైర్లు గట్టిగ పెట్టు. అంతే.”

“బొమ్మ కాదన్నా, నాకు సౌండు మంచిగ రావాలె.”

“సౌండు ఎందుకు రాదు? గనగన వస్తది. నా మిక్సింగ్ అంటే అప్పట్ల పెద్దపల్లి దాక పేరుండె. ఒక్కొక్క పాట ఏరి ఏరి వెట్టెటోన్ని.”

“పాటలు కాదన్నా. మాటలు.”

“మాటలేడియి చెల్లె దాంట్ల?”

“అదేందన్నా! నువ్వే గద చెప్పినవ్, నా బిడ్డ మాటలన్ని పడ్డయని?”

“పడ్డయి. నేను తీసిన క్యాసెట్ల పడ్డయి. మీకిచ్చింది మిక్సింగ్ జేసింది. మిక్సింగ్ అంటే ఏంది? అసలు సౌండు తీసేసి పాటలు ఎక్కిచ్చుడు. మీదాంట్ల మొదాట్నుంచి ఆఖరి దాక పాటలే. పాట లేని జాగ ఒక్క నిమిషం గూడ లేదు.”

“ఒక్క నిమిషం గూడ…”

“లేదు చెల్లె.”

“మరి నువ్వు తీసింది? గా అసలుది? నీ దగ్గర ఉంటది గద? ఎంతన్న ఇస్తన్నా. ఆరువేలు నా దగ్గరున్నయి, ఇంక కావాల్నంటె—”

“ఏడుంటది? దాని మీద ఇంకో లగ్గం తీసిన. దాని మీద ఇంకోటి. మేమందరం గట్లనే జేస్తుంటిమి. ఒక్కొక్క లగ్గానికి కొత్త క్యాసెట్ కొంటే మాకేం మిగుల్తది?”

“అందరియి గిట్లనే తీసేస్తవా అన్నా? మాటలన్ని?”

“అందరియి తియ్య. అప్పగింతలకాడ ఏడ్పులుంచుత, పుస్తెకాడ మంత్రాలు, బాజలుంచుత. మీదొక్కటే గట్ల. గది నా ఇష్టం కాదు చెల్లె. పెండ్లికొడుకే వచ్చి—”

“హలో, హలో, రాంచందరన్నా, సిగ్నల్ లేదు, మళ్ల జేస్తం—”

“సిగ్నలున్నది. చెయ్యి తియ్యి ప్రణయ్. చెప్పన్నా.”

“ప్రణయ్ గూడ అక్కడ్నే ఉన్నడా? మరి ఆయన్నే అడుగకపోతివి! మూడోనాడు మోటర్ సైకిల్ ఏస్కొని మా ఇంటికొచ్చిండు. మా టీవీల మొత్తం సూసిండు. ‘ఒక్క మాట గూడ ఉండొద్దన్నా’ అన్నడు. ‘మంత్రాలన్న ఉంచుత పిలగా’ అన్న. ‘మంత్రాలు గూడ వద్దు’ అన్నడు. మంత్రాలు వద్దన్న పెండ్లికొడుకును నా సర్వీసుల గాయన్నొక్కన్నే సూసిన. హలో? ఉన్నవా చెల్లె?”

“ఉన్నన్నా.”

“మరి మీ బిడ్డ ఎట్లున్నది? మస్తు హుషారుండె. నా వైరు వట్టుకొని నేనెటు వోతె అటు తిరిగింది. గిప్పటికి లగ్గమై ఇద్దరు పిల్లలుండాలె గద?”

“మంచిగున్నదన్నా.”

“అడిగిన్నని చెప్పు.”

“చెప్త. ఉంట మరి.”

“అక్కా, ఆయనకట్ల ఎందుకు చెప్పినవ్?”

“ఇంకెట్ల చెప్పాలె? ఆయనేం జేసిండని ఆయనను ఏడిపియ్యాలె? నువ్వు కూసో. ఎటు లేస్తున్నవ్?”

“మంచినీళ్లు తెస్త నీకు.”

“వద్దు. కూసో. ఎడమ దిక్కు కాదు, గిటు. నాలుగు వారాలు. ఏది కొనాలె, ఏది కొనాలె అని నీ గడప ఎక్కిన, దిగిన. నువ్వు ఫోన్ల కింద రాసినయన్ని సద్వి సద్వి చెప్పినవ్. బొమ్మ నల్లగ వస్తదట, సౌండు ఎన్కవడ్తదట. ఏది కొన్నా పాటలే వస్తయని నీకు తెల్సు.”

“తెల్సు.”

“ఆరువేలదైనా.”

“ఆరువేలదైనా.”

“మరి గదొక్క మాట చెప్పనీకేంది?”

“ఎట్ల చెప్పాలక్కా? కొనకుంటె సాలనుకున్న. క్యాసెట్ల ఉన్నదని నీకొక నమ్మకముండె. గది గట్లనే ఉండనీ అనుకున్న.”

“అబ్బ, ఎంత దయనో! క్యాసెట్‌ను సంచిల ఏపిచ్చింది నువ్వేనా? నా దిక్కు సూడు. నువ్వే. మీ ఆమె మీదికి తోసినవ్. మీ ఆమెకు తెల్సా గిదంత?”

“మంత్రాలెందుకు లేవని అప్పుడే అడిగింది. చెప్పలే. గని ఆమె కనిపెట్టింది కావచ్చు.”

“ఎందుకు తీసేపిచ్చినవ్?”

“అందరు పాటలే వెట్టిచ్చుకుంటుండె అప్పుడు. ఫ్యాషన్ గద…”

“రాంచందర్ చెప్పింది ఇన్ననా, ఇనలేదా? ఒక్క చెవు పోయింది గని ఇంకోటి ఉన్నది.”

“మా మామకు నచ్చలే. లొల్లి లొల్లి ఉన్నది, పాటలు వెట్టిపియ్యుమన్నడు…”

“మీ మామ వచ్చిండని చెప్పలే రాంచందర్. నువ్వొక్కనివే వచ్చినవన్నడు. పోయినోని మీద ఏస్తున్నవా? ప్రణయ్, మొత్తం సూసినవట. రోజ మాటలు ఇన్నవ్.”

“ఇన్న.”

“ఎట్లుండె?”

“ఏంది?”

“దాని గొంతు. ఎట్లుండె?”

“సన్నగ… జర బొంగురుండె. ఆనాడు సర్ది వట్టింది కావచ్చు.”

“అవు. సర్ది వట్టింది. ఛాతికి మందు రాసిన పొద్దుగాల. ఇంకా?”

“ఇంక గంతే.”

“ఏమన్నది?”

“యాదికి లేదక్కా.”

“యాదికి లేదా? యాదికుంచుకోలేని మాటకు ఎవలన్న మంత్రాలు గూడ తీసేపిస్తరా?”

“చిన్నపిల్ల మాటలు. గివన్ని ఇప్పుడెందుకు?”

“ఆనాడు ఏడ్సుకుంట నా దగ్గరికి వచ్చింది. ఎవలో కాలు తొక్కిండ్రనుకున్న. కొంగుతోని ముక్కు తుడిసి పండవెట్టిన. ఏమైందని అడుగన్న అడుగలే. నా ఏడుపుల నేనున్న. చెప్పు ప్రణయ్. గొంతైతె తుడిపేసినవ్, మాటన్న ఇయ్యి. నా బిడ్డ మాట్లాడింది గీ భూమ్మీద నీ ఒక్కని తలకాయలనే ఉన్నది. దాన్ని గూడ నాకియ్యకుంటె నువ్వు నాకు తమ్మునివి కాదు.”

“ఆడబిడ్డ రావాలె అని అయ్యగారు పిలిసిండు. పుస్తె ముడికాడ ఎన్క నిలవడనీకి.”

“ఎర్కనే. నా జాగల పెద్దబాపు బిడ్డ మమతారాణిని నిలవెట్టింది అవ్వ. నా పెట్టెలకెల్లి నా పట్టుచీరనే తీసి ఆమెకు కట్టిచ్చింది. చెప్పు.”

“అప్పుడు రోజ… గామె కాదు అన్నది.”

“గట్టిగ చెప్పు. నాకు ఇనవడాలె.”

“‘గామె మామకు అక్క కాదు. మా అవ్వ అక్క. మా అవ్వ గా రూముల ఉన్నది, పిల్వుండ్రి’ అన్నది.”

“గట్లన్నదా నా బిడ్డ?”

“ఒక్కసారి కాదు. అందరు ఉష్ ఉష్ అంటుండ్రు. ఎవలు ఇంటలేరని కెమెరకు చెప్పింది. ‘నువ్వన్న పిల్వు తాత, మా అవ్వ రూముల ఉన్నది’ అన్నది రాంచందర్‌తోని.”

“పాపం, ఆయన గప్పుడు తాతెక్కడ? నెత్తి ముందుగాలనే తెల్లవడ్డది… ప్రణయ్, గింత మంచి మాట. గింత మంచి మాటను తుడిపేపిచ్చినవా? ఐదేండ్ల పిల్ల వాళ్లవ్వను పిల్వుమంటె నీ ఇజ్జత్ ఏం పోయిందిరా?”

“గది కాదక్కా తుడిపిచ్చింది.”

“మరేంది?”

“గదైతే ఉంచుతుంటి. చిన్నపిల్ల అని నవ్వుకుంటరు, మర్సిపోతరు. దాని తర్వాతది…”

“తర్వాతేమైంది?”

“పుస్తె తియ్యనీకి రాంచందర్ మా నెత్తి మీదికొచ్చిండు. కెమెర మైకు గిక్కడ్నే ఉన్నది. వైరు వట్టుకొని రోజ గూడ ఆయనెన్కనే మండపం మీదికెక్కింది. నా అంగీ గుంజి, ‘మామా, నువ్వు చెప్పు’ అన్నది.”

“నిన్నడిగిందా?”

“అడిగింది. మా మామ నా చెవుల వంగి, ‘ఎవల పిల్లరా అల్లుడు గిది?’ అన్నడు. గది గూడ పడ్డది దాంట్ల.”

“నువ్వేమన్నవ్?”

“నువ్వు ఇంటవనే అక్కా, పాటలు వెట్టిపిచ్చింది. రేపు ఎప్పుడన్న నువ్వు కూసొని సూస్తె నీకు ఇనవడొద్దని…”

“ఏమన్నవ్?”

“అది నా ముఖం దిక్కే సూస్తుండె. నేను పుస్తె ముడి ఏసుకుంట, ‘ఏమో మామ, నాకెర్కలేదు’ అన్న.”